తాగుడు మానిన తరువాత

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం. వక్త: ఇంజనీరు, 1985 పదో తరగతి బ్యాచ్)



నెల క్రితం సంఘం వాళ్ళు ఫోన్ చేసి, "కరెంటు లైన్ల మీద ముప్పై ఏళ్ళు పనిచేశావు, సోలార్ గురించి ఓ పావుగంట మాట్లాడు, రైతులకు పనికొస్తుంది" అన్నారు. సరేనన్నాను. రెండు రోజుల తర్వాత నేనే ఫోన్ చేసి, వేరే విషయం మాట్లాడతాను, ఒప్పుకుంటారా అని అడిగాను. ఏమిటన్నారు. తాగుడు అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "పండగ పూట కదరా" అన్నారు. పండగ పూటే కదా మనమంతా ఒకచోట దొరికేది అన్నాను. ఒప్పుకున్నందుకు సంఘానికి కృతజ్ఞతలు.

ఇంకో మాట. సంచికలో దీని కింద నా పేరు వేయొద్దని అడిగాను. సిగ్గుపడి కాదు. ఇక్కడున్న మీ అందరికీ నేనెవరో తెలుసు. నేను వెళ్ళే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘంలో, అచ్చులో పేరు, ఫొటో వేసుకోకూడదని ఆనవాయితీ ఉంది. మానేశామన్న గొప్ప కూడా తలకెక్కుతుంది కాబట్టి ఆ కట్టుబాటు మంచిదే. అది ఎంత తలకెక్కుతుందో చివర్లో చెప్తాను.

నేను తాగిన కథ పొడుగ్గా చెప్పను. ఆ కథలు చెప్పేటప్పుడు చెప్పేవాడికీ వినేవాడికీ తెలియకుండానే నోరూరుతుంది. ఇంజనీరింగు మూడో ఏడు మొదలుపెట్టాను. మా ఇంట్లో ఎవరూ తాగరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించిన సంగతి పేపర్లో వస్తే, చదువురాని మా అమ్మ పక్కింటి పిల్లచేత రెండుసార్లు చదివించుకుని విన్నది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా పోయింది. 1995 జనవరి 16 నుంచి మొత్తం మద్యమే నిషేధమన్నారు. అప్పుడు నేను ఉద్యోగం మీద రాయచూరులో ఉన్నాను. అంటే కర్ణాటక. అక్కడ నిషేధం లేదు. "మన దగ్గర మందు బందయింది నాయనా, ఊరు ప్రశాంతంగా ఉంది" అని అమ్మ ఉత్తరం రాయించింది. అది చదివిన సాయంత్రం కూడా నేను తాగాను. 1997లో ఇక్కడ నిషేధం ఎత్తేసేనాటికి నేను బదిలీ మీద ఇటు వచ్చేశాను. నిషేధం మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను పోను. ఆ రెండేళ్ళూ కొంపలు నిలబడ్డ ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు, వాళ్ళని అడగండి. నా సంగతి మాత్రం, కొట్టు మూసినా తెరిచినా ఒకటే.

2011లో ఒక రాత్రి. ఈదురుగాలికి 33 కేవీ లైను మీద కొమ్మ పడింది. లైన్‌మన్ ఎల్‌సీ తీసుకుని స్తంభం ఎక్కాడు. ఎల్‌సీ అంటే మన రైతులందరికీ తెలుసు, లైన్ క్లియర్. పని అయి, మనుషులంతా కిందికి దిగారని చెప్పి దాన్ని తిరిగిచ్చేదాకా ఆ లైను చార్జ్ చేయకూడదు. నేను ఇంట్లో ఉన్నాను, తాగి ఉన్నాను. ఊళ్ళవాళ్ళు కరెంటు ఎప్పుడిస్తారని ఫోన్ల మీద ఫోన్లు. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి, "అయిపోయింది, చార్జ్ చేసేయ్" అన్నాను. షిఫ్టులో ఉన్న కుర్రాడు ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. "సార్, ఎల్‌సీ ఇంకా రిటర్న్ కాలేదండి" అన్నాడు. నేను అరిచాను. అయినా వాడు స్విచ్ వెయ్యలేదు. ఇరవై నిమిషాల తర్వాత లైన్‌మన్ కిందికి దిగాడు.

ఏమీ జరగలేదు. ఎవరికీ తెలియదు. ఆ కుర్రాడు ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ ఇరవై నిమిషాలు స్తంభం మీదున్న మనిషి ఇద్దరు పిల్లల తండ్రి. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకోలేక రెండు చేతులతో తాగుతుంటే మా ఆవిడ చూసి, "ఇవ్వాళ వెళ్దామా?" అని మాత్రం అన్నది. వెళ్ళాం. విజయవాడలో ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నాను.

ఇక్కడ ఇంటివాళ్ళకు ఒక హెచ్చరిక. రోజూ ఎక్కువగా తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పిద్దామనుకోకండి. హఠాత్తుగా ఆపితే మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడొచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చేతుల మీదుగానే మాన్పించాలి.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక మీటింగుకి వెళ్ళాను. ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో టీ, పదిహేను మంది. ఒక లారీ డ్రైవరు, ఒక లెక్చరరు, ఒక బట్టల కొట్టాయన. ఒక్కొక్కరూ పేరు చెప్పి, నాకు తాగుడు జబ్బు అని చెప్పుకుంటున్నారు. ఇదేం తంతు అనుకున్నాను. పన్నెండు మెట్లున్నాయన్నారు. వెంటనే ఇక్కడ కూర్చున్న మా లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. పుస్తకం వెనక చూసి జవాబు రాస్తే, జవాబు సరిగ్గా ఉన్నా సున్నా వేసేవారు. "మెట్లేవిరా?" అనేవారు. మాస్టారూ, ఈ లెక్కలోనూ నేను అదే చేశాను. మందు మానేశాను. జవాబొచ్చింది కదా అనుకున్నాను.

కరెంటు గురించి చెప్పమన్నారు కాబట్టి ఒక్క ముక్క చెప్తాను. ఎల్‌సీ తీసుకున్నాక కూడా లైన్‌మన్ వెంటనే తీగ ముట్టుకోకూడదు. ముందు డిశ్చార్జ్ రాడ్ తగిలించి తీగను భూమికి కలపాలి. ఎందుకంటే, స్విచ్ ఆపినంత మాత్రాన తీగ చచ్చినట్టు కాదు. పక్కన ఇంకో లైను పోతుంటే దాని ప్రభావానికి ఆపేసిన తీగలోనూ వోల్టేజీ పుడుతుంది. ఎవరింట్లోదో జనరేటరు వెనక్కి తన్నొచ్చు. మా వృత్తిలో చార్జ్‌లో ఉన్న తీగకు భయపడని వాడుండడు. ఆపేసిన తీగ దగ్గరే ఏమరపాటుగా ఉంటాం.

నేను మూడేళ్ళు ఆ ఆపేసిన తీగని. చుక్క ముట్టలేదు. ఇంట్లో మాత్రం అందరూ నన్ను తప్పించుకు తిరిగేవారు. అన్నంలో ఉప్పు తగ్గితే కోపం. ఆఫీసులో నాకన్నా చిన్నవాడికి ప్రమోషన్ వస్తే వారం రోజులు ఎవరితో మాటల్లేవు. "నేను మానేశాను కదా, ఇంకేం కావాలి మీకు?" అన్నది నా ఊతపదం. ఒకరోజు మా అమ్మాయి, అప్పుడు ఇంటర్ చదువుతోంది, మెల్లగా అన్నది: "నాన్నా, నువ్వు తాగే రోజుల్లో కనీసం తొమ్మిదింటికి పడుకునేవాడివి."

ఈ పరిస్థితి నా ఒక్కడిదే అనుకున్నాను. కాదు. ఈ సంఘం పెట్టిన ఇద్దరిలో ఒకరు బిల్ విల్సన్. ఆయన 1934 డిసెంబరులో తాగుడు మానారు. 1935లో సంఘం మొదలైంది. మన దేశానికి 1957లో వచ్చింది. లోకానికంతటికీ దారి చూపించిన ఆ మనిషి, మానిన తర్వాత ఏళ్ళ తరబడి దిగులు జబ్బుతో మంచం పట్టినట్టు గడిపారు. 1958 జనవరిలో వాళ్ళ పత్రిక గ్రేప్‌వైన్‌లో దాని గురించే రాశారు. తన గౌరవానికీ నిశ్చింతకూ ఎప్పుడూ ఇతరుల మీద, పరిస్థితుల మీద ఆధారపడటమే తన అసలు లోపమని, అవి అనుకున్నట్టు దొరకనప్పుడల్లా కుంగిపోయేవాణ్ణని ఒప్పుకున్నారు. మానిన ఇరవై మూడేళ్ళకు రాసిన మాట అది. చదివాక నాకు కొంచెం ఊపిరాడింది.

2015 జనవరిలో మా నాన్న పోయారు. సరిగ్గా ఇలాగే పూత మీదున్న రోజులు. మాకు నాలుగెకరాల మామిడి తోట, ఎక్కువ చిన్నరసాలు, కొన్ని కలెక్టరు చెట్లు. తోట చూసుకునేది తమ్ముడే. పెద్దకర్మ అయిన సాయంత్రం పంపకాల మాట నేనే ఎత్తాను. ఎత్తకూడని రోజు. సగం సగం అన్నాను. తమ్ముడు కాసేపు నేల చూసి, "అన్నయ్యా, 2009లో నాన్నకి గుండె ఆపరేషనప్పుడు డబ్బు పంపిస్తానని నాలుగుసార్లు అన్నావు. పంపలేదు. చూడ్డానికీ రాలేదు. నేను పూత మీదే కాపు అమ్మేసి కట్టాను. ఆ ఏడు టన్నుకి వచ్చిన ధర చూసి చెట్టు కింద కూర్చుని ఏడ్చాను" అన్నాడు.

మీరు నమ్మండి, నాకా సంగతి ఒక్క ముక్క గుర్తు లేదు. గుర్తు లేదు కాబట్టి అబద్ధం అన్నాను. నలుగురిలో అన్నాను. మోటారు సైకిలు తీసుకుని విస్సన్నపేట రోడ్డున పడ్డాను. ఒక వైన్ షాపు ఎదురుగా బండి ఆపుకుని నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. జేబులో డబ్బుంది. మనసులో నాకో మంచి వాదన తయారయింది: నాన్న పోయాడు, తమ్ముడు అవమానించాడు, ఇవ్వాళ తాగితే ఎవరూ తప్పు పట్టరు.

మీటింగులో నాకు దారి చూపించే పెద్దాయన ఒకరున్నారు. స్పాన్సర్ అంటారు. ఇందాక చెప్పిన లారీ డ్రైవరే. ఆయనకు ఫోన్ చేశాను. తమ్ముడి మీద చెప్పుకుంటూ పోతున్నాను. ఆయన మధ్యలో ఆపి, "అన్నం తిన్నావా?" అన్నాడు. పొద్దుట్నించీ తినలేదు. "ముందు ఏదన్నా తిని ఫోన్ చెయ్యి" అని పెట్టేశాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా పక్క బడ్డీ కొట్టులో నాలుగు అరటిపళ్ళు కొనుక్కుని రోడ్డు మీద నిలబడి తిన్నాను. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది ఉన్నా మందు మాట మనసుకు సబబుగానే వినబడుతుందని మీటింగులో చెప్పేవారు. ఆ సాయంత్రం నాలో నాలుగూ ఉన్నాయి.

మళ్ళీ ఫోన్ చేస్తే ఆయన ఒక్కటే అడిగాడు. "మీ తమ్ముడు చెప్పింది నిజమా, కాదా?"

"నిజమే అయ్యుంటుంది" అన్నాను.

"మరి ఎవరి మీద కోపం?"

ఇంటికొచ్చాను. తమ్ముడు పలకలేదు. మేము అపకారం చేసినవాళ్ళ జాబితా రాసుకుని, వీలైన చోటల్లా సరిదిద్దుకోవాలని మా మెట్లలో ఉంది. ఎనిమిది, తొమ్మిది మెట్లు. నేను ఆ జాబితా ఎప్పుడో రాశాను, మా ఆవిడ పేరు, పిల్లల పేర్లు, అప్పిచ్చినవాళ్ళ పేర్లు. తమ్ముడి పేరు అందులో లేదు. గుర్తులేని తప్పులు జాబితాలోకి ఎలా వస్తాయి? బాధపడ్డవాడికే గుర్తుంటాయి. ఆ షిఫ్టు కుర్రాడి దగ్గరికీ, లైన్‌మన్ దగ్గరికీ అప్పటికి వెళ్ళొచ్చాను. లైన్‌మన్‌కి అసలు తెలియని సంగతి నేనే చెప్పాను. అతను చాలాసేపు నావైపు చూసి, "మా పిల్లలకి చెప్పకండి సార్" అన్నాడు.

తమ్ముడికి ఆపరేషన్ డబ్బులో నా వాటా వాయిదాల మీద మూడేళ్ళలో ఇచ్చాను. తోట పంచమనలేదు. ప్రతిసారీ లెక్కపెట్టి తీసుకుని, పుస్తకంలో రాసుకునేవాడు. ఒక్క మంచిమాట లేదు. క్షమాపణ చెప్పుకుంటే క్షమిస్తారని నేను సినిమాల్లో చూసినట్టు అనుకునేవాణ్ణి. అలాంటి రూలేం లేదు. నాలుగో ఏడు వేసవిలో ఒక బుట్ట చిన్నరసాలు బస్సులో వేసి పంపి, "దించుకో" అని ఫోన్ చేశాడు. అంతే.

ఆ మధ్యలోనే నేను ఒక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళాను. నిద్ర లేదు, దేని మీదా ఆసక్తి లేదు. ఇది తాగుడుకి వేరే, డిప్రెషన్ అని ఆయన ఏడాదికి పైగా మందులిచ్చారు. మీటింగులో ఒకరిద్దరు, "ఒక మత్తు మాని ఇంకోటా?" అన్నారు. నేను వాళ్ళతో ఏకీభవించను. డాక్టరు ఇచ్చిన మందు డాక్టరు చెప్పాకే ఆపాలి. ఊళ్ళో మన దగ్గర మనసు జబ్బంటే పిచ్చి అనే అనుకుంటాం కాబట్టి రెండు నంబర్లు చెప్తాను, రాసుకోండి. మనసు బాగోకపోతే 14416, టెలి మానస్. తాగుడు, మత్తు అలవాట్లకు 14446. రెండూ ప్రభుత్వానివే, డబ్బు కట్టక్కర్లేదు. ఇంట్లోవాళ్ళకు అల్-అనాన్ అని వేరే సంఘం ఉంది, 1951లో పెట్టారు, పెట్టినవారిలో బిల్ విల్సన్ భార్య లోయిస్ ఒకరు. మా ఆవిడ వాళ్ళు రాసిన పుస్తకాలు తెప్పించుకుని చదివింది. సీసాలు వెతకడం, జేబులు తడమడం మానేసిన రోజు తనకి నిద్ర పట్టిందని చెప్తుంది.

ఇప్పుడు నేను చేసేది పెద్దదేం కాదు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఎర్త్ పిట్ చూసుంటారు. బొగ్గు, ఉప్పు వేసి కడతాం. మనది ఎర్రనేల, ఎండాకాలం తడారిపోతుంది. అప్పుడు బిందెడు నీళ్ళు పోయకపోతే ఎర్తింగ్ ఉన్నా లేనట్టే. కట్టిన ఏడాది బాగుందని పదేళ్ళు వదిలేస్తే కుదరదు. ఆదివారం మీటింగు, రాత్రి పడుకునేముందు ఆ రోజు ఎవర్ని నొప్పించానో రెండు లైన్లు రాసుకోవడం, మర్నాడు చెప్పాల్సిన వాళ్ళకి చెప్పడం. కొన్ని రోజులు రాయను. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్ళే ముందు కనిపెడతారు.

ఇప్పుడు, నేను ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలి. హాల్లో మా బ్యాచ్ ఫొటో పెట్టారు. రెండో వరసలో కుడి చివర నిలబడ్డవాడు ఇవ్వాళ లేడు. పేరు చెప్పను, మా బ్యాచ్‌కి తెలుసు. తమ్మిలేరులో నాకు ఈత నేర్పింది వాడే. 2018లో ఒకరోజు విజయవాడలో మా ఇంటికొచ్చాడు. కళ్ళు పచ్చబడి ఉన్నాయి. ఎలా మానావురా అని అడిగాడు. నేను మాని అప్పటికి ఏడేళ్ళు. గంటసేపు చెప్పాను. నా పట్టుదల గురించి, నా క్రమశిక్షణ గురించి. "నేను మానలేదా? నీకేం, మనసు పెట్టాలిగానీ" అన్నాను. వాడు అంతా విని, ఒక్క ప్రశ్న వేశాడు. "మానాక నిద్ర పడుతుందా?" నేను నవ్వేసి, "ముందు మాను, నిద్ర సంగతి తర్వాత" అన్నాను. మా ఆవిడ ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఏడాది దాటాక వాళ్ళావిడ ఫోన్ చేసింది, వాడు పోయాడని.

1935లో బిల్ విల్సన్ వ్యాపారం పని మీద ఏక్రన్ అనే ఊరెళ్ళారు. పని చెడిపోయింది. హోటల్లో ఒక పక్క బారు, నవ్వులు. తాగేస్తానేమోనని భయమేసి, ఎవరెవరికో ఫోన్లు చేసి, ఆ ఊళ్ళో ఇంకో తాగుబోతు ఎవరైనా ఉంటే మాట్లాడాలి అని అడిగారు. అలా దొరికిన మనిషే డాక్టర్ బాబ్ స్మిత్, సర్జను. బిల్ ఆయన్ను బాగుచేద్దామని పోలేదు. తనకి ఆయన అవసరమై పోయారు. ఈ సంగతి నాకు 2011 నుంచీ తెలుసు. మీటింగులో ఎన్నోసార్లు విన్నాను. నా స్నేహితుడు నా గుమ్మంలోకి వచ్చినప్పుడు మాత్రం, ఏడేళ్ళు మానిన గొప్పవాణ్ణై కూర్చున్నాను.

వాడికి చెప్పాల్సిన జవాబు ఇది. మొదట్లో నిద్ర పట్టదురా. రెండు మూడు నెలలు తెల్లవారుజామున మూడింటికే మెలకువొస్తుంది, చెమటలు పడతాయి. తర్వాత మెల్లగా పడుతుంది. తాగినట్టు కలలొస్తాయి, నాకిప్పటికీ వస్తాయి, లేచి నోరు వాసన చూసుకుంటాను. ఆ మూడింటప్పుడు ఫోన్ చెయ్యి, నేనూ లేచే ఉంటాను. ఇంతే చెప్పాల్సింది. అర నిమిషం పట్టేది.

సాయంత్రం తోటలో భోజనాలు, మిగతా ఏర్పాట్లు ఉన్నాయని నాకు తెలుసు. తాగేవాళ్ళు నన్ను చూసి గ్లాసులు దాచుకోనక్కర్లేదు. తాగే ప్రతివాడికీ ఈ జబ్బు ఉందని నేననడం లేదు. నేను భోజనం చేసి ఎనిమిదింటికి లేచి వెళ్తాను, ఎందుకని అడగొద్దు. "స్వర్ణోత్సవం కదా, ఒక్కటి" అని మాత్రం ఎవరూ అనకండి. నాతోనే కాదు, వద్దన్న ఎవరితోనూ.

తమ్ముడు ఇవ్వాళ సభకి రాలేదు. తేనెమంచు పురుగుకి మందు కొట్టించే రోజు, కూలీలు దొరికినప్పుడే పని. రాత్రికి వాడి ఇంట్లోనే పడుకుంటున్నాను. రేపు పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా స్కూలు గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర కూర్చుంటాను. ఎవరైనా రావచ్చు. మీ గురించో, ఇంట్లో ఇంకొకరి గురించో ఏదైనా అడగొచ్చు, ఏమీ అడక్కుండా టీ తాగి పోవచ్చు. ఎందుకొచ్చావని నేనడగను. టీ డబ్బులు నావే.